అరవై ఏళ్ల తాళం

కరీంనగర్‌లో ఆ మీటింగుకు బాలలక్ష్మి కొట్లాడదామనే వచ్చింది. పొద్దున శ్రీరాంపూర్‌లో బయలుదేరినప్పటి నుంచి మనసులో మాటలు పేర్చుకుంటూనే ఉంది. పెద్దపల్లిలో కూతురు రమ బస్సెక్కి పక్కన కూర్చుని, "అవ్వా, జర నిమ్మలంగ మాట్లాడు. ఆళ్లు సదువుకున్నోళ్లు" అంటే, "సదువుకున్నోళ్లయితె దొంగతనం జెయ్యొచ్చా?" అని కస్సుమంది. రమ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆమె దొంగతనం అంటున్నది ఒక నవల గురించి. భర్త హనుమండ్లు బొగ్గుబాయిలో పనిచేస్తూ రాసిన నవల. భూమి కింద చెమటోడ్చే మనిషి బతుకును ఇంత బాగా ఎవరూ చెప్పలేదని అప్పట్లో సభలు పెట్టి ఆయనకు శాలువాలు కప్పారు. తొంభై ఏడులో హనుమండ్లు పోయాడు. అప్పటికే పుస్తకాలన్నీ అమ్ముడైపోయాయి. మళ్లీ అచ్చు వేస్తామని ఎవరొచ్చినా బాలలక్ష్మి గడప దగ్గరే నిలబెట్టి వద్దని పంపేసేది. ఎందుకమ్మా అంటే తలుపు వేసుకునేది. రాసినవాడు పోయాక కూడా అరవై ఏళ్ల దాకా హక్కు ఇంటివాళ్లదేనని ఒక వకీలు చెప్పాక ఆమెకు గుండె ధైర్యం వచ్చింది. తను బతికుండగా ఆ పుస్తకం ఇక లోకం మొఖం చూడదనుకుంది.

పోయిన ఎండాకాలం అది ఫోన్లలోకి వచ్చేసింది. ఎవరో పేజీలన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆమె వకీలుతో నోటీసు పంపిస్తే అక్కడ తీసేశారు గానీ, అప్పటికే అది టెలిగ్రాంలో, వాట్సాప్‌లో ఊళ్లు దాటిపోయింది. ఆ వెబ్‌సైట్ నడిపేది నరేశ్ అనే డిగ్రీ కాలేజీ లెక్చరర్. నోటీసు అందుకున్న ఉడుకుతోనే ఇప్పుడీ చర్చ పెట్టించాడు. పైరసీ చట్టాలు, కాపీరైట్ గడువు గురించి బహిరంగ చర్చ, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చని కరపత్రాలు పంచాడు.

హాలు నిండిపోయింది. ముందుగా ఫిలిప్ అనే అడ్వకేటు లేచి చట్టం వైపు మాట్లాడాడు. ఏళ్ల తరబడి కష్టపడి తీసిన సినిమా రిలీజైన రోజే ఫోన్లలో తిరిగితే తీసినవాడు ఏమైపోవాలని అడిగాడు. వెనక నుంచి ఈలలు వేశారు. "టికెట్ రేటు తగ్గియ్యమనుండ్రి సార్, మేమే టాకీస్‌కు పోతం" అని ఒకరు అరిస్తే హాలంతా నవ్వింది. ఫిలిప్ మొఖం ఎర్రబడింది.

అప్పుడు నరేశ్ మైకు అందుకున్నాడు.

"సచ్చిపోయిన మనిషి ఇంకో అక్షరం రాస్తడా? మరి ఆయన పోయినంక అరవై ఏండ్లు గీ చట్టం ఎవలికోసం? మన బొగ్గుబాయిల మీద వచ్చిన నవల. సదువుదామంటె ఏ దుకాన్ల దొరకది. రాసినాయన భార్య తను అచ్చెయ్యది, ఒకల్ని వెయ్యనియ్యది. కార్మికుల చరిత్రకు ఇంట్ల కూసొని అరవై ఏండ్ల తాళమేసింది. తాళం పలగ్గొట్టుడు నేరమైతె గా నేరం నేను జేసిన. మళ్ల జేస్త!"

చప్పట్లు ఆగలేదు. బాలలక్ష్మి లేచి నిలబడింది. రమ కొంగు పట్టి లాగితే విదిలించుకుంది.

"గా తాళమేసింది నేనే."

తలలన్నీ తిరిగాయి. ఎవరో ఇంకో మైకు తెచ్చి ఆమెకు ఇచ్చారు.

"ఎన్ని పైసలు గావాల్నట అమ్మకు?" అని వెనక నుంచి ఒక గొంతు.

"ఎవడ్రా అది? లేచి నిలవడి అడుగు! నా మొగని పుస్తకం అమ్ముకొని తినే గతి నాకు వట్టలే." ఆమె మైకును నోటికి ఇంకా దగ్గరగా పట్టుకుంది. "అందరు సదివిన్రు గదా. పిలగాడు సచ్చిపోయే కాడ ఏం రాసిండు? చెప్పుండ్రి."

ముందు వరుసలో ఒక కాలేజీ పిల్ల లేచింది. "తల్లి జరమొచ్చిన కొడుకును ఇడిసిపెట్టి జాతరకు పోతది. తండ్రి డ్యూటీ దిగి వచ్చేసరికి పిలగాడు..." అని ఆగింది. "నాకు మస్తు ఏడుపొచ్చిందమ్మా."

"గా పిలగాడు నా కొడుకు సంపత్. మూడేండ్లోడు. నేను జాతరకు పోలే బిడ్డా. ఒళ్లు పెనం తీరు కాలుతుంటె పక్కింటి కమలవ్వ ఒళ్లె పండవెట్టి, ఆయన్ను పిలుసుకద్దామని బాయి గేటు కాడికి ఉరికిన. డ్యూటీకే రాలేదన్నరు. యాడికి పోయిండో ఎరికేనా? గీ కరీంనగర్‌కే వచ్చిండు. సభల కథ సదువ వచ్చిండు. నేను ఉత్త చేతులతోటి మర్లి వచ్చేటాళ్లకు నా కొడుకు కండ్లు మూసిండు. ఆయన తెల్లారి వచ్చిండు, మెడల దండ ఏసుకొని."

ముందు వరుసలోని పిల్ల మెల్లగా కూర్చుంది. బాలలక్ష్మి ఆగలేదు.

"బుక్కుల మాత్రం ఆయన బాయిల నుంచి వచ్చి కొడుకు మీద పడి ఏడ్సిండు. నన్ను జాతరకు తోలిండు. నల్లకాడ బిందె పెడితె ఆడోళ్లు 'ఈయేడు జాతరకు పోతలేవా' అనెటోళ్లు. ఆయనకు శాలువలు గప్పిన్రు. ఆయన పోయినంక బుక్కులు దొరుకకుంట అయినయ్, నోళ్లు మూతవడ్డయ్. ఇప్పుడు మీరు మళ్ల తెరిసిన్రు."

నరేశ్ మైకు దగ్గరకు జరిగాడు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమైతది. గని అది నవల. అండ్ల మీ పేరు లేదు. ఒక్కల బాధకోసం వేలమంది బతుకులను దాసిపెడుదమా?"

"రుజువేది?" అని వెనక నుంచి మళ్లీ అదే గొంతు. "సచ్చినాయన వచ్చి జవాబు చెప్తడా?"

కుర్చీలు కదిలాయి. ఒకరినొకరు తిట్టుకోవడం మొదలైంది. బాలలక్ష్మి నరేశ్ వైపు వేలు చూపించింది. "నువ్వు దొంగవు. లెక్చరర్ అంగి ఏసుకున్న దొంగవు."

"మాటలు మంచిగ రానియ్యుండ్రి!" నరేశ్ కూడా గొంతు పెంచాడు. "నేను ఎవలింట్ల జొర్రలే. మీ ఇంటోళ్లే తెచ్చిచ్చిన్రు పుస్తకం!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ అతని చూపు అప్పటికే రమ మీద పడింది. రమ తల ఎత్తలేదు.

బాలలక్ష్మి కూతురి వైపు తిరిగింది. "నువ్వా?"

"అవ్వా, బాపు పోయినప్పుడు నేను నాలుగేండ్లదాన్ని. ఆయన మాట ఎట్లుంటదో నాకు యాదికి లేదు. గా పుస్తకంలనే విన్న." రమ కళ్లనీళ్లు తుడుచుకోకుండానే లేచి నిలబడింది. "గీ ముచ్చట నాకెన్నడన్న చెప్పినవా? అడిగితె మొఖం తిప్పుకున్నవ్. బాపు నీకు మొగడే గాదు, నాకు తండ్రి. నాకు హక్కు లేదా?"

బాలలక్ష్మి ఫిలిప్ వైపు తిరిగింది. "వకీలు సాబ్, ఉన్నదా దానికి?"

"ఉన్నదమ్మా. వీలునామా లేకపోతే భార్యకు, బిడ్డకు సమానం." ఫిలిప్ ఇబ్బందిగా కదిలాడు. "అయితే ఒకల్లు వద్దంటె ఇంకొకల్లు ఇయ్యరాదు."

"విన్నవా? నేను వద్దంటున్న." మైకు కుర్చీలో పడేసి ఆమె బయటకు నడిచింది.

తిరుగు బస్సులో రమ ముందు సీట్లో కూర్చుంది, బాలలక్ష్మి వెనక. పెద్దపల్లిలో దిగబోతూ రమ తల్లి దగ్గరకు వచ్చి నిలబడింది.

"నువ్వు పోయినంక నేనే అచ్చేపిస్త అవ్వా."

"నేను పోయినంక గదా. గప్పటిదాక ఆగు."

మీటింగులో ఎవరో వీడియో తీశారు. అది రెండు రోజుల్లో ఆ చుట్టుపక్కల జిల్లాలన్నీ తిరిగింది. నవల పేరు తెలియనివాళ్లు కూడా ఆ జాతర పేజీల కోసమే వెతుక్కుని డౌన్‌లోడ్ చేసుకున్నారు. వీడియో కింద కొందరు హనుమండ్లును తిట్టారు, అంతకంటే ఎక్కువమంది ఆమెను తిట్టారు. మొగుని పేరు మీద మన్ను పోసిందన్నారు. పక్కింటివాళ్లు ఫోన్‌లో అవన్నీ చదివి వినిపిస్తుంటే బాలలక్ష్మి బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. తెల్లవారి పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేసింది.

ఎస్‌ఐ నరేశ్ పేరు రాసుకుని, పుస్తకం అతనికి ఎవరిచ్చారని అడిగాడు.

"నా బిడ్డ."

"బిడ్డ పేరు గూడ రాయాల్నా అమ్మా? ఆలోచించుకో."

"రాయి."

ఇద్దరినీ పిలిపించారు. నరేశ్ ఇంకెక్కడా పెట్టనని సంతకం చేసి, ఆమె వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. పెట్టేవాళ్లు వేరే ఎంతోమంది ఉన్నారని అందరికీ తెలుసు. రమ ఇచ్చింది తనేనని ఒప్పుకుని సంతకం చేసింది. తల్లి బయటకు వస్తుంటే వెనకే మెట్ల దాకా వచ్చింది.

"అవ్వా, అన్న ఎట్లుండెటోడు?"

బాలలక్ష్మి ఆగింది. చప్పున నోట్లోకి వచ్చిన మాటను మింగేసింది.

"గా బుక్కుల ఉండొచ్చు. సదువుకో పో" అని ఆటో ఎక్కింది.

ఆ నవలలో పిల్లాడి మొఖం గురించి ఒక్క మాట కూడా లేదని ఇద్దరికీ తెలుసు.