ఎడమ అంచు గీత

సున్నం బండి చక్రం మూలిగింది. ఎలాడియో ఆగి, దానికి కాస్త నూనె రాసి మళ్ళీ తోశాడు. రాత్రి వానకి గడ్డి బరువుగా ఉంది. గనుల కొండ మీంచి మంచు ఇంకా దిగలేదు. ఆదివారం మ్యాచ్ ఉంటే పొద్దున్నే మైదానానికి సున్నపు నీళ్ళతో గీతలు గీయడం అతని పని. మధ్య వృత్తాన్నయితే ముగ్గు పెట్టినంత ముచ్చటగా గీస్తాడు. ఎడమ అంచుకి వచ్చేసరికి మాత్రం తల తిప్పుకుని గబగబా లాగించేస్తాడు. అందుకే ఆ ఒక్క గీతా ఎప్పుడూ వంకరే.

పొట్టి మెడ, వెడల్పు భుజాలు. కుడి మోకాలు వంగదు. మెట్లెక్కాలంటే ఆ కాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. ఒకప్పుడు ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టుకి మధ్య ఆటగాడు. గోల్ కొట్టినవాళ్ళ పేర్లు ఊరికి గుర్తున్నాయి. వాళ్ళ కాళ్ళ దగ్గరికి బంతి చేర్చినవాడి పేరు ఎవరిక్కావాలి?

ఒక వాన మ్యాచ్‌లో ఆ మోకాలు మెలిపడింది. దెబ్బ తిన్నవాడి బదులు ఇంకొకణ్ణి దించే వీలు అప్పట్లో లేదు. "ఎడమ అంచుకి పోయి నిలబడరా. నిన్ను కాయడానికి అవతలి జట్టులో ఒకడైనా ఉండిపోతాడు" అన్నాడు కెప్టెన్ రుఫీనో. ఆట అయ్యేదాకా ఎలాడియో అక్కడ కుంటుతూ నిలబడ్డాడు. మిగిలిన కాస్త నరమూ అక్కడే తెగింది. మళ్ళీ మైదానం మధ్యకి సున్నం బండితో తప్ప వెళ్ళలేదు. ఆ చోటు మీద బెంగ మాత్రం పోలేదు. మనిషిని మార్చుకోవచ్చన్న నిబంధన ఈ ఏడే వచ్చింది, చేతులు కాలాక ఆకుల్లా.

మధ్యాహ్నం భార్య ఒబ్దూలియా రొట్టెలో ఆలుగడ్డ అట్టు పెట్టి తెచ్చింది.

"ఆ గడ్డిని చూసినంత ప్రేమగా నన్నెప్పుడైనా చూశావటయ్యా?"

"గడ్డి తిట్టదే."

"రాత్రికి చిక్కుడుగింజలు వండుతున్నా. చల్లారకముందే రా."

సాయంత్రం ఆట మొదలైంది. మధ్యలో ఆడేవాడు సెలెస్తీనో, గని కార్మికుడి కొడుకు. రెండో సగంలో బురదలో జారాడు. లేచాడు గానీ కుడికాలు నేల మీద ఆనలేదు. ఇప్పుడు రుఫీనోయే కోచ్. కంగారులో అతని నోట పాత మాటే వచ్చింది.

"ఎడమ అంచుకి పో. అక్కడ నిలబడు."

బెంచీ మీది కుర్రాడు సగం లేచి కోచ్ వంక చూశాడు. కోచ్ చూడలేదు. సెలెస్తీనో కుంటుతూ ఎడమ అంచుకి చేరాడు.

ఆట నడుస్తుండగా ఏనాడూ గీత దాటని ఎలాడియో తన వంకర గీత దాటాడు. రెఫరీ ఈల ఊదాడు.

"ఏం ముసలాయనా, నువ్వాడతావా ఏంటి?" అని జనంలోంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

"రా బాబూ, బయటికొచ్చెయ్" అన్నాడు ఎలాడియో, సెలెస్తీనో దగ్గరికెళ్ళి.

"ఆడగలను మామా. కోచ్ నిలబడమన్నాడు."

"నన్నూ నిలబడమన్నాడు" అన్నాడు ఎలాడియో. "నా భుజం పట్టుకో."

సెలెస్తీనో ఆ వంగని కాలి వంక చూశాడు. తర్వాత భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ కుంటుతూ గీత బయటికొచ్చారు.

మ్యాచ్ పోయింది. అందరూ వెళ్ళాక రుఫీనో వచ్చి ఎలాడియో పక్కన కూర్చున్నాడు. చాలాసేపు టోపీ అంచు నలిపాడు.

"అప్పట్లో ఇంకొకణ్ణి దించే వీల్లేదు కదరా."

"లేదు. నేను లేకుండా పదిమందితో ఆడొచ్చుగా."

రుఫీనో టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"వచ్చెయ్యరా అంటావని చూశాను. ఆట అయ్యేదాకా నీ వైపే చూశాను" అన్నాడు ఎలాడియో. గొంతులో కోపం లేదు. ఇన్నేళ్ళూ అతను ఎదురుచూసింది ఆ ఒక్క పిలుపు కోసమే.

రుఫీనో కళ్ళు తుడుచుకున్నాడు. "తప్పయిపోయిందిరా" అన్నాడు.

"సర్లే. ఇంటికి పో. దారిలో మా ఆవిడతో చెప్పు, చిన్న పనుంది, చూసుకుని వస్తానని."

చిక్కుడుగింజలు రెండుసార్లు వేడి చేశాక, సన్నటి తుంపరలో ఒబ్దూలియా గొడుగేసుకుని బయల్దేరింది. ఎలాడియో మధ్య వృత్తంలో, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పిలిచింది. భుజం కదిపింది. అప్పటికే ఒళ్ళు చల్లబడింది. ఆమె గొడుగు అతని మీదికి వంచి, పక్కనే తడిగడ్డిలో కూర్చుండిపోయింది.

సున్నం బండి ఎడమ అంచు చివర ఆగి ఉంది. దాని వెనక, పాత వంకర గీత పక్కనే, ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా కొత్త గీత, ఇంకా తడి ఆరలేదు.