గాటు ఎక్కడి నుంచి వచ్చింది?

ముద్దాయి ఒక గోడౌన్ వాచ్‌మన్. దొంగతనం జరిగిన రోజు తను అసలు ఊళ్లోనే లేనని మొత్తుకుంటున్నాడు. అతన్ని జైలుకు పంపడానికి పోలీసుల దగ్గరున్నది ఒకే ఒక్క బొమ్మ. పాత సీసీ కెమెరాలో మసకగా పడిన దొంగ ముఖాన్ని ఏఐతో శుభ్రం చేయిస్తే అచ్చం ఇతని ముఖం వచ్చింది, ఎడమ కనుబొమ మీది గాటుతో సహా.

శుభ్రం చేయించింది మా మాస్టారు. కంప్యూటర్ సాక్ష్యాలను పరిశీలించడం నాకు నేర్పింది ఆయనే. ఆయన బోనెక్కి చెప్పారంటే ఇక తిరుగుండదు. అలాంటి మనిషి చెప్పినదాన్ని పరీక్షించమని ముద్దాయి తరఫు వకీలు నన్ను పిలిచాడు. వెళ్లడానికి మనసొప్పలేదు. కానీ నాది కెలికే బుద్ధి. అసలు వీడియోలో ఆ ముఖం గోరంత మసక. కళ్లేవో ముక్కేదో తెలియదు. అందులోంచి గాటు ఎలా ఊడిపడింది?

అడగ్గానే మాస్టారు ఫైళ్లన్నీ ఇచ్చేశారు. దాపరికం తెలియని మనిషి. "చూసుకో తల్లీ, నేనే పప్పులో కాలేశానేమో!" అని నవ్వారు కూడా.

తిరగేస్తుంటే వీడియో పక్కన వాచ్‌మన్ గుర్తింపు కార్డు ఫొటో కనిపించింది, కనుబొమ మీద అదే గాటుతో. మసక బొమ్మతో పాటు స్పష్టమైన ఫొటో ఒకటి నమూనాగా ఇస్తే ఏఐ బొమ్మను చక్కగా తీర్చిదిద్దుతుంది. మా ల్యాబుల్లో అదొక అలవాటు. పోలీసులు పంపిన ఫొటోను మాస్టారు అలవాటుగానే నమూనాగా పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది. ఏం కనిపించాలో ముందే చూపించి, ఏం కనిపించిందని అడగడమేమిటి?

ఊరికే నోటితో చెబితే జడ్జిగారు నా మాట నమ్ముతారా, ఆయన మాట నమ్ముతారా? అందుకే కోర్టులోనే చేసి చూపిస్తానన్నాను.

"మాస్టారూ, మీ ఫొటో ఒకటి వాడుకోవచ్చా?"

"వాడుకో. నాకేం భయం?"

అదే వీడియో, అదే ఏఐ. నమూనాగా మాత్రం మాస్టారి ఫొటో పెట్టాను. కాసేపటికి తెర మీద గోడౌన్ షట్టర్ పక్కన మాస్టారు ప్రత్యక్షమయ్యారు, కళ్లజోడుతో సహా. కోర్టు హాలంతా గొల్లున నవ్వింది. వాచ్‌మన్ కూడా నవ్వబోయి, భయపడి నోరు మూసుకున్నాడు.

మాస్టారు నవ్వలేదు. లేచి తెర దగ్గరకు వెళ్లి, తన ముఖాన్నే కొత్తవాడి ముఖంలా చూశారు.

"మళ్లీ చెయ్యి. ఈసారి ఏ ఫొటో పెట్టకు."

చేశాను. ఆ హాల్లో ఎవరూ ఎరగని ముఖం వచ్చింది. ఇంకోసారి చేస్తే ఇంకో ముఖం.

"వీళ్లెవరూ వీడియోలో లేరు కదూ?" అన్నారు చిన్నగా.

"లేరు మాస్టారూ."

జడ్జిగారు ఆ బొమ్మను సాక్ష్యంగా తీసుకోనన్నారు. వాచ్‌మన్ అక్కడే గోడకు ఆనుకుని భోరుమన్నాడు. నా ప్రాణం కుదుటపడింది గానీ, మాస్టారు ఇక నాతో మాట్లాడరేమోనన్న దిగులు పట్టుకుంది. ఆయన నావైపు చూడనైనా చూడలేదు. ఎవరూ పిలవకుండానే మళ్లీ బోనెక్కారు.

"మేడమ్, కిందటేడు ఇంకో కేసులో కూడా నేను ఇలాగే బొమ్మ తయారుచేసి ఇచ్చాను," అన్నారు జడ్జిగారితో. "ఆ మనిషికి శిక్ష పడింది. ఇప్పటికీ లోపలే ఉన్నాడు. ఆ కేసు మళ్లీ తెరిపించండి. నా మీద నేనే సాక్ష్యం చెబుతాను."