గొంతులతో తూచే గది

అది నవంబరు పద్నాలుగు, గురువారం. ఆ ఉదయం మెకానిక్ తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం ఎంత బతిమాలినా గొంతు దిగలేదు.

"తిను నాన్నా, లోపల మాట్లాడాల్సింది నువ్వే," అంది కూతురు.

"మాట్లాడాలనేగా దిగడం లేదు."

ఆయన ఆరోగ్య కేంద్రాల్లో టీకాల ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ల పని. కూతురు ఇవాళ ఆయన్ని తీసుకొచ్చిన ఈ సంస్థలో సమావేశాల ఏర్పాట్లు చూస్తుంది. లాభం కోసం పెట్టిన సంస్థ కాదు. ఇంటర్నెట్‌లో ఒక యంత్రం ఇంకో యంత్రంతో ఎలా మాట్లాడాలో ఆ నియమాలు ఇక్కడ కుదురుతాయి. రాసింది ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ఎవరైనా వచ్చి కూర్చుని కాదనవచ్చు. ఆ రోజు చర్చ గడియారాల మీద. యంత్రాలు టైమ్ అడిగే పాత పద్ధతికి ఇకపై జవాబు ఇవ్వకూడదని ప్రతిపాదన.

అది నెగ్గితే కొండ ఊళ్లలో ఆయన చూసే రెండు వందల పన్నెండు ఫ్రిజ్‌లకు గండం. వాటికి తగిలించిన చిన్న పెట్టె గంటకోసారి టైమ్ అడిగి, చల్లదనం ఎంతుందో రాసుకుంటుంది. దానికి పాత పద్ధతి ఒక్కటే వచ్చు. టైమ్ అందకపోతే రాయడం మానేస్తుంది. రాత లేని ఫ్రిజ్‌లో టీకాలను నమ్మకూడదు, పారబోయాలి. ఆయన భార్య బతికున్నన్నాళ్లూ ఆ టీకాలను భుజాన వేసుకుని కొండలెక్కిన నర్సు. ఒక్క సీసా పారబోసినా ఆ పూట ఆవిడ ఎవరితోనూ మాట్లాడేది కాదు.

"ఓట్లు ఎప్పుడు వేయిస్తారు?" అని అడిగాడు మెట్లెక్కుతూ.

"ఓట్లుండవు నాన్నా. సభ్యులే లేరు, ఇక ఓట్లెవరివి? సరేననుకున్నవాళ్లు నోరు మూసుకుని మ్మ్ అంటారు. వద్దనుకున్నవాళ్లు ఆ తర్వాత అంటారు. అధ్యక్షురాలు విని తేలుస్తుంది."

"పొద్దున్నే నేనే దొరికానా నీకు?"

"ఒట్టు! చేతులెత్తమంటే పక్కవాడి చెయ్యి చూసి ఎత్తేవాళ్లుంటారు. గొంతు ఎవరిదో తెలీదుగా."

"ఇంత చదివించింది తుమ్మెదల కొలువులో చేరడానికన్నమాట," అన్నాడాయన. కూతురు నవ్వి, ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

హాల్లో నాలుగు వందల మంది ఉన్నారు. ప్రతిపాదన రాసిన తెల్లగడ్డం ఆయన్ని అందరూ గడియారం మాస్టారంటారు. ముప్పై ఏళ్లుగా జీతం బత్తెం లేకుండా ఈ నియమాల్ని సాకుతున్నాడట. "పాత పద్ధతిని దొంగలు పట్టుకున్నారు," అన్నాడు మాస్టారు. "పరాయివాడి పేరు పెట్టి చిన్న ప్రశ్న వేసి, దానికొచ్చే పెద్ద జవాబును వాడి నెత్తిన కుమ్మరిస్తున్నారు. మనం జవాబివ్వడం మానితేనే ఇది ఆగుతుంది."

మెకానిక్‌కు దిగులు పట్టుకుంది. మాస్టారు చెప్పింది నిజమే మరి.

మైకు ముందు వరుస కట్టారు. మెకానిక్ రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. మాట్లాడినవాళ్ల మాటల్లో సగం ఆయనకు అందలేదు. చూస్తూండగానే వరుస అయిపోయింది.

"సరేననేవాళ్లు," అంది అధ్యక్షురాలు కళ్లు మూసుకుని.

గది మోగింది. ఎవరి పెదవీ కదలలేదు, కానీ కుర్చీ చేతుల్లోంచి ఆయన మోచేతుల్లోకి సన్నటి వణుకు పాకింది. ఆడ, మగ, ముసలి, పడుచు గొంతులన్నీ కలిసి ఒకే శ్రుతిలో పడ్డాయి. పేరూ ఊరూ హోదా అన్నీ కరిగిపోయి చప్పుడొక్కటే మిగిలింది. ప్రపంచంలోని యంత్రాలన్నీ ఒకదాని మాట ఒకటి వినేది ఈ చప్పుడును నమ్ముకునేనా!

పక్కటెముకల్లో మోచెయ్యి తగిలింది. "నాన్నా! నువ్వు కూడా అంటున్నావేంటి!"

అప్పటిగ్గానీ తెలియలేదు, తన గొంతూ మోగుతోందని.

"వద్దనేవాళ్లు."

నిశ్శబ్దం. అందులో దోమ రొదంత సన్నగా ఆయన గొంతు ఒక్కటే.

ఇక అయిపోయిందనుకున్నాడు. అధ్యక్షురాలు కళ్లు తెరిచింది. "ఒక గొంతు వినిపించింది. ఎందుకో తెలుసుకోకుండా ముందుకు వెళ్లం. మీకు ఇష్టమైతే చెప్పండి."

ఎవరో మోకాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఇంకెవరో మైకును ఆయన ఎత్తుకు దించారు.

"అమ్మా, ముందొక తప్పు ఒప్పుకోవాలి. ఇందాక సరే అన్నప్పుడూ మ్మ్ అన్నాను."

"అదెందుకండీ?"

"ఆ చప్పుడు అలా ఉంది మరి. బాగా నడిచే కంప్రెసర్ వింటే నా గొంతు నా మాట వినదు."

హాలంతా పగలబడి నవ్వింది. మాస్టారైతే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నవ్వుతో మెకానిక్‌కు గొంతు పెగిలింది. ఫ్రిజ్‌ల సంగతి, పెట్టెల సంగతి, పారబోయాల్సిన సీసాల సంగతి చెప్పాడు.

"ఆ పెట్టెలు చేసిన కంపెనీ?" అని అడిగాడు మాస్టారు.

"మూతపడి ఏడేళ్లయింది."

"మార్చలేరా?"

"మారుస్తున్నామండి, ఏటా నలభై. ఇంకా ఆరేళ్లు పడుతుంది."

"అవి టైమ్ తప్ప ఇంకేమైనా అడుగుతాయా?"

"అంత తెలివి ఎక్కడిదండీ వాటికి!"

మాస్టారు పెన్సిలుతో ఏదో గీసుకున్నాడు. గది ఎదురుచూసింది. ఒక్కరూ విసుక్కోలేదు.

"నేనే తొందరపడ్డాను," అన్నాడు చివరికి. "టైమ్ అడిగితే, అడిగినంత సైజులోనే జవాబిద్దాం. ఇంకేం అడిగినా పలకొద్దు. దొంగకు గిట్టుబాటు కాదు, ఫ్రిజ్‌కు లోటుండదు."

మెకానిక్ మైకు స్టాండు పట్టుకుని నిలబడిపోయాడు. నాలుగు వందల గొంతులు ఒక దోమ రొద కోసం ఆగాయి. నువ్వెవరు, ఏం చదివావు అని ఒక్కరూ అడగలేదు.

అధ్యక్షురాలు మళ్లీ కళ్లు మూసుకుంది. ఈసారి ఆయన తెలిసే మ్మ్ అన్నాడు, కడుపులోంచి. వద్దనేవాళ్ల వంతు వచ్చినప్పుడు ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రమే వినిపించింది.

సాయంత్రం అందరూ వెళ్లాక మాస్టారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త వాక్యం రాశాడు. "మీ పెట్టెకు ఇది సరిపోతుందా, చూడండి," అన్నాడు. సరిపోతుంది. అయినా మెకానిక్ రెండుసార్లు చదివాడు. కూతురు తొందరపెట్టలేదు, దూరంగా కుర్చీలు వరుసలో పెడుతూ ఉండిపోయింది.

ఇద్దరు పెద్దవాళ్లూ వరండాలోకి వచ్చారు. కూతురు దీపాలు ఒక్కొక్కటే ఆర్పి, రేపటిదాకా ఇక ఎవరూ రాని ఆ గది తలుపును చప్పుడు కాకుండా మూసింది.