మహారాణి కుబుసం

కట్టుడుపళ్లు తయారుచేసే ఆయనకు బంధువుల్లో పేరు తెచ్చింది పళ్లు కాదు, సాలీడు. అరచెయ్యంత టరాంటులా. గాజుపెట్టెలో ఉండే ఆ మహారాణిని రెండేళ్లుగా రోజూ చేతిమీద ఆడిస్తున్నానని కోతలు కోశాడు. ఫొటో కూడా చూపించాడు. అందులో ఆయన అరచేతిలో ఉన్నది మహారాణి విడిచిన కుబుసం. కాళ్లూ వెంట్రుకలూ కోరలతో సహా ఖాళీ చొక్కా.

అబద్ధమని బాధ లేదు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఒక ధైర్యవంతుడు కనిపించేవాడు. ఆ మనిషితో ఆయనకు బాగా అలవాటైంది.

ఆదివారం మరదలు దిగింది. రాగానే పెట్టె ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"ఏదీ బావా, చేతిమీదకి తీసుకో."

"నిద్రపోతోంది."

"ఎనిమిది కళ్లూ తెరిచే ఉన్నాయిగా!"

వంటగదిలోంచి భార్య అంది: "ఊరుకోవే, ఆయన్ని ఇబ్బంది పెట్టకు."

ఆ గొంతులోని మెత్తదనం ఆయనకు గుచ్చుకుంది. మూత తీసి చెయ్యి లోపల పెట్టాడు. మైనంలో పళ్లు అమర్చేటప్పుడు వెంట్రుకవాసి వణకని చెయ్యి. మహారాణి ముందుకాళ్లు పైకెత్తింది.

కరిచినా తేనెటీగ కుట్టినంతేనని పుస్తకంలో చదివాడు. భయం కాటు గురించి కాదనుకున్నాడు. కాటు గురించేనని వెంటనే ఒప్పుకున్నాడు. కానీ అదే పుస్తకంలో ఇంకో మాటా ఉంది: చేతిమీంచి జారి పడితే దాని పొట్ట పగిలిపోతుంది. తను ఉలిక్కిపడకుండా ఉంటాడా? పళ్ల దగ్గర వణకని చెయ్యి ప్రాణమున్నదాని దగ్గర నిలవదని తనకు తెలీదా! అద్దంలో మనిషిని కాపాడుకోవడానికి దీన్ని చంపాలా?

మూత పెట్టేశాడు.

"ఎప్పుడూ తాకలేదు. భయం. ఫొటోలోది కుబుసం."

మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. "రెండేళ్లు ఖాళీ చొక్కాతో షికారు చేయించావా బావా మమ్మల్ని!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చేతిలో చాక్లెట్ డబ్బా. కుబుసం పెట్టి ఆయన తన చొక్కాల వెనక దాచుకున్న డబ్బాయే.

"నీకు తెలుసా?"

"దుమ్ము దులిపేదాన్ని నేనేగా. ఓ కాలు విరిగితే మీ బంకతోనే అతికించా."

"మరి అడగలేదేం?"

"ఏం మొహంతో అడగను? ఈ ఖాళీదాన్ని ముట్టుకోడానికే నాకు వారం పట్టింది."

ఆయన కుబుసాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి వణకలేదు. మరదలి వైపు చాచాడు.

ఆవిడ కెవ్వుమని సోఫా ఎక్కేసింది.