కొమ్మ పట్టుకున్న చెయ్యి

అత్తగారికి పురుగంటే గిట్టదు. బాల్కనీలో నిమ్మమొక్క మీద ఏది వాలినా చీపురుతో ఒక్కటి అంటించేది. అలాంటి ఇంటికి కోడలు మెళ్లో కెమెరాతో వచ్చింది. వారమంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపు చుక్కలు చూసి, ఆదివారం పొద్దున్నే కుండీల ముందు చతికిలబడేది. లెన్సుకీ కెమెరాకీ మధ్య బోలు గొట్టాలు బిగిస్తే చీమ కూడా ఏనుగంత కనిపిస్తుందని చెప్పింది. ల్యాబులో కళ్లు పొడుచుకున్నది చాలదా అని అత్తగారు సణిగింది కానీ, చీపురు మాత్రం మూల పెట్టేసింది.

ఒక ఆదివారం నిమ్మాకు మీద ఈగంత సాలీడు కూర్చుంది, గెంతే రకం. గాలికి కొమ్మ ఊగుతోంది. గొట్టాలు పెట్టాక ఫోకస్ నిలిచేది వెంట్రుకవాసి మేరే. కొమ్మ కాస్త కదిలినా సాలీడు కళ్లు మసకబారుతున్నాయి. కొమ్మ పట్టుకోమని కోడలు అత్తగారిని పిలిచింది.

అత్తగారు చెయ్యి కొంగు చాటుకి లాక్కుంది. కొన్నాళ్లుగా ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు సగమే నింపుకుంటూ, సూదిలో దారం కొడుకుతో ఎక్కించుకుంటూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తోంది. కాదంటే అనుమానం వస్తుందని పట్టుకుంది. కొమ్మ ఇంకా ఎక్కువ ఊగింది.

కోడలు కెమెరా దించి ఆ చెయ్యి వంక చూసింది. వెలుగు మెత్తగా పడాలని ఫ్లాష్‌కి చుట్టిన తెల్లకాగితం సర్ది, మళ్లీ వంగి టకటకా నొక్కసాగింది.

"వదిలేస్తానే. నావల్ల పాడవుతోంది," అంది అత్తగారు.

"వదలకండి అత్తయ్యా. ఫ్లాష్ రెప్పపాటు కూడా ఉండదు, ఊపు ఫోటోకి అంటదు. మీ చేతిలో కొమ్మతో పాటు సాలీడు ముందుకీ వెనక్కీ కదులుతూ తనే ఫోకస్‌లో పడుతోంది. నేను నొక్కుతూ పోతే చాలు."

తీసినవాటిలో చాలావరకు బూడిద గుమ్మడికాయల్లా వచ్చాయి. ఒక్కదాంట్లో మాత్రం సాలీడు ముఖం కడిగిన ముత్యంలా ఉంది. మధ్యలో రెండు పెద్ద కళ్లు, చెరో పక్క బుల్లి కన్ను, కాళ్ల మీద వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పసిపిల్లలా చూస్తోందే," అంది. తర్వాత తనే మెల్లగా చెప్పింది, "ఎండలు ముదిరినప్పట్నుంచీ చెయ్యి ఇలాగే ఉందమ్మా."

"రేపు నాతో రండి. మా డాక్టరమ్మ కసరదు. మీ అబ్బాయికి తర్వాత చెబుదాం."

భయపడాల్సిన జబ్బేమీ కాదని డాక్టరమ్మ తేల్చింది. మాత్రలతో వణుకు పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. ఆ తర్వాత ఒక ఆదివారం కోడలు ఇంకా దుప్పటి ముసుగు తీయకముందే అత్తగారు తలుపు తట్టింది. చిక్కుడుపాదు మీద ఆకుపచ్చ పురుగేదో ప్రయాణం కట్టిందట, అది ఆకు దాటేలోపు రమ్మంది.