ఇంటికి వేరే, కొట్టుకి వేరే

కోచ్ కాగితం చదువుతుంటే ముందు నవ్వొచ్చింది. నా మూత్రంలో మగవాళ్ళ హార్మోను మందు దొరికిందట! సూది చూస్తేనే మంచం కిందకి దూరే రకాన్ని నేను. ఆయన నవ్వలేదు. "ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చకపోతే నాలుగేళ్ళు ట్రాక్ మీదకి రానివ్వరు. నీ వయసుకి ఇక అయిపోయినట్టే," అన్నాడు.

తిండి కాక నేను నోట్లో వేసుకునేది ఒక్కటే, అక్క చేసే వేళ్ళ పొడి. అక్కాబావలకి మూలికల కొట్టుంది. వేళ్ళు కడిగి, ఎండబెట్టి, దంచేది అక్క. డబ్బాలకెత్తి అమ్మేది బావ. ఆడవాళ్ళకి నెలసరి సర్దుకుంటుందని, ఆటగాళ్ళకి బలమని డబ్బా మీద రాసుంటుంది. బావ మాటకారి, ఎండుపుల్లని కూడా సంజీవని అని అంటగట్టగలడు.

తిన్నగా కొట్టుకెళ్ళాను. సంగతి వినగానే అక్క శివాలెత్తింది.

"నా చేత్తో దంచిన పొడిలో మందా? వాళ్ళ మొహం! ఇంద, ఈ డబ్బా పట్టుకెళ్ళి దీనికీ పరీక్ష చేయించు. దెబ్బకి నోళ్ళు మూతపడతాయి."

పొడి తూస్తున్న బావ చెయ్యి ఆగిపోయింది. "ఆగు. నీ చెల్లికి రోజూ ఏ డబ్బాలోది ఇస్తున్నావు నువ్వు? పై అరలో ఇంటికని వేరే పెట్టాగా, అదేనా?"

"అదా? పాతబడ్డ సరుకు మా పుట్టింటివాళ్ళకి అంటగడుతున్నావని తెలియదనుకున్నావా? ఎప్పుడో పారబోశా. నా చెల్లికి కొట్లో కొత్త సరుకే ఇస్తున్నా."

బావ బస్తా మీద కూలబడ్డాడు.

"ఒట్టి వేళ్ళతో ఏం పనిచెయ్యట్లేదని గిరాకీ పడిపోయింది. అందుకని... అమ్మేదాంట్లో మాత్రమే కలిపాను. కండ పెంచే బిళ్ళలు. ఇంటి డబ్బాలో చిటికెడు కూడా కలపలేదు, నీ మీద ఒట్టు!"

ఇన్నేళ్ళు నేను పరిగెత్తిన పరుగంతా ఈ మనిషి మిక్సీలో వేసి తిప్పేశాడు. చెంప పగలగొట్టాలనిపించింది. పైగా నా చేతులు పట్టుకుని, "బయటెక్కడో కొన్నానని చెప్పమ్మా. నిజం బయటపడితే నన్ను లోపలేస్తారు," అన్నాడు.

"ఎక్కడ కొన్నావో చూపించమంటారు బావా. నువ్వు నోరు విప్పితేనే నేను మళ్ళీ పరిగెత్తేది."

బావ తల దించుకున్నాడు. అక్క రోలు పక్కన నిలబడిపోయింది. ఇంత జరిగాక కూడా అక్క అరవకపోయేసరికి నాకు భయమేసింది.

"నేనూ కొట్లో పొడే వేసుకుంటున్నా," అంది చివరికి.

బావ తలెత్తాడు.

"నెల తప్పింది, కడుపే అనుకున్నా. డాక్టరు దగ్గరికెళ్ళొచ్చాక చెబితే ఎగిరి గంతేస్తావనుకున్నా. నెల ఆపింది నీ బిళ్ళలన్నమాట."

"కాదేమో... ఒకసారి చూపించుకుందాం," అన్నాడు బావ.

అక్క నా చేతిలో ఫోన్ తీసుకుని కోచ్‌కి కలిపింది. "నేను దాని అక్కనండీ. ఆ మందు కలిపింది మా ఆయనే. ఇదిగో, ఆయనే చెప్తాడు," అని ఫోన్ బావ చెవికి ఆనించి పట్టుకుంది.