మర్యాద తెలియని కాలేజీ

మా తోడికోడలిది కస్టమర్ కేర్ ఉద్యోగం. పొద్దస్తమానం చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎవరెవరి వాషింగ్ మెషిన్లు ఎందుకు తిరగట్లేదో ఓపిగ్గా వింటుంది. ఆ ఓపికలో పిసరంత నాకుంటే మా ఆయన ఈపాటికి ఇంకాస్త ఒళ్ళు చేసేవాడు.

వాళ్ళ ఆఫీసులో టీమ్ లీడర్ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ముందు వినబడేది దీని పేరే. తీరా చివర్లో డిగ్రీ లేదని పక్కన పెట్టేస్తారు. ఈసారి ఎలాగైనా ఆన్‌లైన్‌లో డిగ్రీ చేస్తానని కూర్చుంది.

"మధ్యలో ఆగిపోయిన చదువక్కా. ఎంతో ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ మొదలుపెడుతున్నా. చేరాక అది ఉత్తుత్తి కాలేజీ అని తేలిందనుకో, ఈ జన్మకి ఇంక పుస్తకం ముట్టుకోను," అంది. 

నెట్‌లో చూస్తే కాలేజీలు కుప్పలుతెప్పలు. ప్రతివాడూ నంబర్ వన్నే. దాంతో ఇది తనకొచ్చిన విద్యే బయటికి తీసింది. ఒక్కో కాలేజీకి ఫోన్ చేయడం, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళ కాల్స్‌కి వేసినట్టే మార్కులు వేయడం. పలకరింపుకి కొన్ని, గొంతులో చిరునవ్వుకి కొన్ని.

"చదువు చెప్పేవాళ్ళని చూడమంటే ఫోన్ ఎత్తేవాళ్ళని చూస్తావేంటే?" అన్నాను.

"ఫోనే సరిగ్గా ఎత్తలేనివాళ్ళు పాఠాలేం చెప్తారక్కా?"

ఒక కాలేజీలో ఎవరో పెద్దాయన ఎత్తాడు. నమస్కారం లేదు, పాడు లేదు. "చెప్పండి," అన్నాడు. పాత మార్కులు అడిగి, "లెక్కల్లో తప్పారుగా. మీరడిగే కోర్సులో ఇప్పుడు సీటివ్వం. మేం పెట్టే లెక్కల పరీక్ష రాయండి, పాసైతే చూద్దాం," అన్నాడు. మీకు గుర్తింపు ఉందా అంటే, "నా మాటెందుకు? ప్రభుత్వం వెబ్‌సైట్‌లో చూసుకోండి," అని పెట్టేశాడు. దీని మొహం కందగడ్డయింది. ఆయనకి సున్నా వేసింది.

ఇంకో కాలేజీ అమ్మాయి మాట్లాడుతుంటే తేనె కారింది. పిల్లల చదువులడిగింది, మార్కుల ఊసెత్తకుండానే సీటు ఖాయమంది. మా తోడికోడలు మురిసి ముక్కలైంది. రేపే చేరిపోతానంది.

నాకు ఒళ్ళు మండింది. పరీక్ష పేపర్లు ఎవరు దిద్దుతారో అడగలేదు, ఆ డిగ్రీ ఎక్కడ చెల్లుతుందో అడగలేదు. ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, "మళ్ళీ చెయ్యి. నా ముందే అడుగు. స్పీకర్‌లో పెట్టు," అన్నాను.

చేసింది. పేపర్లు ఎవరు దిద్దుతారని అడిగింది.

"చాలా మంచి ప్రశ్న అడిగారు మేడమ్," అంది ఆ అమ్మాయి.

మా తోడికోడలి మొహంలో రంగు మారింది. గుర్తింపు ఎవరిచ్చారని అడిగింది.

"మీ ఆందోళన నాకు పూర్తిగా అర్థమైంది మేడమ్."

ఇది ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది.

"ఏమైందే? అంత ముద్దుగా మాట్లాడితేనూ?"

"జవాబు లేనప్పుడు మేం చెప్పే మాటలక్కా అవి. కొత్తవాళ్ళకి నేర్పేది నేనే."

పాపం అనుకుంటూనే పగలబడి నవ్వాను. కాసేపు బిక్కమొహం వేసుకుని, తర్వాత అదీ నవ్వింది. అప్పుడు కూర్చుని ప్రభుత్వం వెబ్‌సైట్ తెరిచాం. తేనె కాలేజీ పేరు ఎంత వెతికినా లేదు. పెద్దాయన కాలేజీ దర్జాగా ఉంది. అక్కడ చదివిన ఒకావిడ దీని ఆఫీసులోనే పైఅంతస్తులో పనిచేస్తోందని తెలిస్తే, వెళ్ళి అడిగొచ్చింది. చంపుకుతింటారు గానీ చదువు వస్తుందని చెప్పిందట.

ఇక లెక్కలతో కుస్తీ. మా మరిది వంటలోకి దిగాడు. ఆ వంట తిని మేమందరం కూడా దీని చదువు కోసం త్యాగాలు చేశాం.

పరీక్ష రాసొచ్చాక ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. ఒక ఆదివారం బాల్కనీలో బట్టలు ఆరేస్తుండగా ఆ ఫోన్ రానే వచ్చింది. ఇది "ఊఁ" అంది, ఇంకోసారి "ఊఁ" అంది, ఫోన్ దింపి నావైపు తిరిగింది. 

"పాసయ్యానక్కా. రేపట్నుంచి క్లాసులు," అంది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "ఆలస్యంగా వస్తే ఆ పెద్దాయన క్లాసులోకి రానివ్వడట."

"అదేం మనిషే, శుభమా అని చేరుతుంటే!"

"తిట్టకక్కా," అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "నా చదువు గురించి ఇన్నేళ్ళలో ఎవరైనా ఇంత పట్టించుకున్నారా?"